ఓడరేవుల్లో నా వెంట తిరిగే తేమ మీటర్: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

ధాన్యం కొనుగోళ్ల పని మీద దేశాలు తిరిగేవాళ్ల బ్యాగు విప్పితే, లాప్‌టాప్ పక్కన ఒక పరికరం తప్పకుండా కనిపిస్తుంది. చేతిలో ఇమిడే తేమ మీటర్. పైన గింజలు పోసే గిన్నె, దానికో మూత, ముందువైపు చిన్న స్క్రీను, నాలుగైదు బటన్లు. గింజల రకం ఎంచుకుని, గిన్నె నింపి, బటన్ నొక్కితే కొద్ది క్షణాల్లో తేమ శాతం చూపిస్తుంది. నా దగ్గరున్నది గింజల బరువు కూడా తనే తూచుకునే రకం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి మీటర్లు ఎవరు చేసినా లోపలి సూత్రం ఒకటే, నేను పెట్టబోయే పేచీలు కూడా చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. కొనండి. కానీ అది చూపించే అంకెను పట్టుకుని ఎవరితోనూ వాదనకు దిగకండి. ఈ మీటర్‌తో తేలేది ఒక లారీకీ ఇంకో లారీకీ, ఓడలో సరుకు నింపే ఒక హోల్డుకీ (అరకీ) ఇంకో హోల్డుకీ ఉన్న తేడా. అసలు తేమ ఎంతో తేల్చే పని ల్యాబ్‌ది.

ఈ వ్యాపారంలో లేనివాళ్లకు తేమ మీద ఇంత గోల ఎందుకో అర్థం కాకపోవచ్చు. 60,000 టన్నుల గోధుమ ఎక్కిన పనామాక్స్ తరగతి పెద్ద ఓడలో అర శాతం తేమ తేడా అంటే 300 టన్నుల నీళ్లు. ఆ నీళ్లకి మనం కట్టేది గోధుమ ధర. పైగా సముద్రం దాటించడానికి ఓడ కిరాయి కూడా. డబ్బు సంగతి అలా ఉంచినా, తడి సరుకు మూసిన హోల్డులో వారాల తరబడి ఉంటే వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ముక్కిన వాసనతో దిగుతుంది. దానికి తోడు హద్దు అన్ని చోట్లా ఒకటి కాదు. ఆస్ట్రేలియాలో రైతు దగ్గర గోధుమ దించుకునేటప్పుడు 12.5% దాటనివ్వరు. అర్జెంటీనా మొక్కజొన్నకు 14.5% దాకా ఒప్పు. బ్రెజిల్ సోయాకు 14%. పారిస్‌లోని యూరోనెక్స్ట్ ఎక్స్ఛేంజీలో, ముందస్తు ధరకు కుదిరే గోధుమ ఫ్యూచర్స్ ఒప్పందాల్లో, 15% దాకా చెల్లుతుంది. ఒకే మనిషి ఒకే సీజన్‌లో ఇవన్నీ తిరిగితే, ఒకచోట హాయిగా లోడయ్యే సరుకు ఇంకోచోట గేటు దగ్గరే ఆగిపోవడం చూస్తాడు.

మరి ల్యాబ్ ఉందిగా, ఈ చిన్న డబ్బా ఎందుకు? మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు దీన్నే తిరగేసి అడిగాడు: "సార్, ఇది చేతిలో ఉండగా ల్యాబ్‌కి పంపడం దేనికి?" కుర్రాడికి జవాబు పైనే చెప్పాను, అసలు అంకె తేల్చేది ల్యాబే. మొదటి ప్రశ్నకి జవాబు, సమయం. అందరూ ఒప్పుకునే పద్ధతి ఓవెన్‌ది, ఐఎస్‌ఓ 712 అనే అంతర్జాతీయ ప్రమాణం. గోధుమ పిండి చేసి, తూచి, 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, చల్లార్చి, మళ్లీ తూచాలి. మొక్కజొన్నకైతే నాలుగు గంటలు. శాంపిల్ తీసి, కలిపి, ల్యాబ్‌కి చేర్చే సమయం దానికి అదనం. ఈలోగా ఓడలోకి సరుకు మోసే కన్వేయర్ బెల్టు ఆగదు, సరుకు హోల్డులోకి పడుతూనే ఉంటుంది. కాంట్రాక్టులో లోడింగ్ రేవులో ఇచ్చిన నాణ్యత సర్టిఫికెట్టే ఖాయం అని రాసుకుంటే, ఓడ కదిలాక కొన్నవాడు చేసేది పెద్దగా ఏమీ ఉండదు. సరుకు ఇంకా బెల్టు మీద ఉండగానే "ఇక్కడేదో తేడాగా ఉంది, ఆపండి" అనగలిగితే లాభం. ఆ మాట అనడానికే ఈ మీటర్. జ్వరం ఉందో లేదో నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం లాంటిది.

రుమేనియాలోని కాన్‌స్టాంట్సా రేవులో కోతల కాలం నాటి సంగతి. ఒకవైపు డాన్యూబ్ నది మీదుగా వచ్చే బార్జులు (సరుకు మోసే బల్లపరుపు పడవలు), ఇంకోవైపు లారీల వరస. శాంపిల్ తీసే యంత్రపు చెయ్యి ఒక్కో లారీలో మూడు నాలుగు చోట్ల గుచ్చి గింజలు పీలుస్తోంది. అందులోంచి గుప్పెడు అడిగి తీసుకుని నా మీటర్‌లో పోస్తున్నాను. 13.1, 13.0, 13.2, మళ్లీ 13.1. తర్వాతి లారీ 14.6. నిజంగా 14.6 అవునో కాదో నాకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ముందు లారీలతో పోలిస్తే ఇది వేరుగా ఉంది, అది చాలు. వెనక మూలలో విడిగా గుచ్చమని అడిగాను. టార్పాలిన్ చిరిగినచోట గింజలు ఉబ్బి, పైపొర అట్టకట్టి ఉంది. సూపర్‌వైజర్ ఏమీ మాట్లాడకుండా లారీని పక్కకు పెట్టించాడు. మీటర్‌లో అంకె చూపించి వాదించి ఉంటే తన ల్యాబ్ అంకె చూపించి నన్ను కూర్చోబెట్టేవాడు. తడి మూల చూపిస్తే ఎవరూ వాదించరు.

ఇక లోపల జరిగేదేమిటో తెలిస్తేనే దీన్ని ఎక్కడ నమ్మకూడదో తెలుస్తుంది. ఈ మీటర్ నీటిని నేరుగా కొలవదు. గింజల గుండా విద్యుత్ క్షేత్రాన్ని పంపి, అవి దానికి ఎలా స్పందిస్తున్నాయో చూస్తుంది. ఆ స్పందన ఎంత బలంగా ఉందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు; గది ఉష్ణోగ్రత దగ్గర నీటిది 80 చుట్టూ ఉంటుంది, బాగా ఎండిన గింజది ఒంటి అంకె. ఈ అంతరం మీదే యంత్రం బతుకుతోంది. అందుకే వేడి, చలి, గింజల మధ్య గాలి, మనం పోసిన తీరు, గింజ రకం, అన్నీ దాని లెక్కలో వేలు పెడతాయి.

అన్నిటికన్నా చెడ్డది చలి. కెనడా ప్రెయిరీ మైదానాల్లో శీతాకాలంలో సైలోలోంచి (ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదెలోంచి) తీసిన గోధుమ సున్నాకి చాలా కింద ఉంటుంది. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉందని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు, కానీ ఆ సవరణకీ ఒక హద్దు ఉంటుంది. గడ్డకట్టిన నీరు మామూలు నీటిలా స్పందించదు, అంకె కిందికి జారుతుంది. పోనీ ఆ గింజల్ని వెచ్చటి ఆఫీసు గదిలోకి తెచ్చి వెంటనే పోద్దామా? చల్లటి గింజ మీద గాలిలోని తేమ చెమ్మలా పట్టి, ఈసారి అంకె పైకి ఎగురుతుంది. ఒకే సరుకు అయిదు నిమిషాల తేడాలో పొడి అనీ తడి అనీ రెండూ చెబుతుంది. దారి ఒక్కటే. గింజల్ని గాలి చొరని సంచిలో బిగించి, గది వేడికి వచ్చేదాకా విప్పకుండా ఉంచాలి. మంచి కాఫీకి వంక దొరుకుతుంది.

డ్రయర్‌లోంచి అప్పుడే దిగిన మొక్కజొన్న కూడా మోసం చేస్తుంది. పైపొర ఎండి, కడుపులో తేమ మిగిలి ఉంటుంది. మీటర్ తక్కువ చూపిస్తుంది, అమ్మేవాడి ముఖం వెలిగిపోతుంది. మర్నాడు అదే శాంపిల్ మళ్లీ పోసి చూడండి, అంకె పెరిగి ఉంటుంది. తడి సరుకూ పొడి సరుకూ కలిపి ఒక రాశి చేసినచోట కూడా ఇంతే, సగటు బాగానే కనిపిస్తుంది గానీ గింజగింజకీ తేడా దాని కంటికి ఆనదు. అలాంటి అనుమానం వస్తే ఒక్క గిన్నెతో సరిపెట్టుకోను. వేర్వేరు చోట్ల తీసిన చిన్న శాంపిళ్లను కలపకుండా విడివిడిగా పోసి చూస్తాను.

లోపలే తూకం ఉండటం గొప్ప సౌకర్యమని కొనేటప్పుడు చెబుతారు. బల్ల మీద, గాలి ఆడని గదిలో నిజంగానే బాగుంటుంది. మిసిసిపీ నది మధ్యలో తేలుతూ బార్జుల్లోంచి ఓడకు ధాన్యం ఎత్తిపోసే యంత్రాలు, అంటే ఎలివేటర్ల మీద నిలబడి వాడి చూడండి. అడుగున అదురు, పక్కన గాలి, స్క్రీను మీద అంకె నిలవదు. చివరికి విసుగొచ్చి ఎర్రర్ చూపిస్తుంది. కన్వేయర్ నడుస్తున్న సైలో పైఅంతస్తులోనూ అదే తంతు. శాంపిల్ సంచిలో కట్టుకుని, దిగొచ్చి, ఆఫీసు బల్ల వెతుక్కోవాల్సిందే. అక్కడికక్కడే చూసుకోవడానికని కొన్న వస్తువుకి ఇది చిన్న లోపం కాదు.

గింజల పట్టిక చూడటానికి ఘనంగా ఉంటుంది, ఎంతసేపు నొక్కినా రకాలు వస్తూనే ఉంటాయి. గట్టి గోధుమ, మెత్తటి గోధుమ, పాస్తాకు వాడే డ్యూరం గోధుమ, బార్లీ, సోయా, వడ్లు, ఇలా. అయితే ఒక్కో పేరు వెనక ఉన్న లెక్క ఏ దేశపు సరుకుతో కట్టారో పుస్తకంలో రాయలేదు. అర్జెంటీనాలో రోసారియో దగ్గర పరానా నది రేవుల్లో గట్టి ఫ్లింట్ మొక్కజొన్న పోసినప్పుడు ల్యాబ్ అంకెకీ దీనికీ తేడా ఎప్పుడూ ఒకేవైపు వస్తోంది. మెత్తటి డెంట్ మొక్కజొన్న మీద అంత రాదు. ఈ మోడల్‌లో ప్రతి రకానికీ చిన్న కూడికో తీసివేతో మనమే పెట్టుకునే వీలుంది, అది మెచ్చుకోవాలి. రేవుకి చేరగానే స్థానిక ల్యాబ్‌లో కొలిచిన శాంపిళ్లు కొన్ని అడిగి, వాటితో సరిచూసుకుని పని మొదలుపెడతాను. అడిగితే కాదన్న ల్యాబ్ ఇంతవరకు తగల్లేదు.

తేమతో పాటు ఇది హెక్టోలీటర్ బరువు, అంటే వంద లీటర్ల గింజలు ఎన్ని కిలోలు తూగుతాయో కూడా చూపిస్తుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అమెరికాలో గోధుమ బరువు బుషెల్‌కి (అక్కడి ధాన్యపు కొలపాత్రకి) ఇన్ని పౌండ్లని చెబుతారు. 60 పౌండ్లను మామూలు లెక్కతో మారిస్తే హెక్టోలీటర్‌కి 77.2 కిలోలు వస్తుంది, నా మీటర్ చేసేదీ అదే. అమెరికా అధికారిక తనిఖీలో డ్యూరం కాని గోధుమకు పౌండ్లను 1.292తో హెచ్చవేసి 1.419 కలుపుతారు, అంటే 78.9. ఒకే గోధుమకు రెండు అంకెలు! కనీసం 78 ఉండాలని కాంట్రాక్టులో రాసుకుని, ఏ లెక్క ప్రకారమో రాసుకోకపోతే ఇక చూడండి ఈమెయిళ్ల జాతర. మీటర్‌ను పౌండ్లలోనే ఉంచి, మార్చడం కాగితం మీద చేసుకోవడం మేలు.

ప్రయాణంలో దీని తీరు గురించి. చేతి బ్యాగులోనే పెట్టుకుంటాను, చెకిన్ సామానులో పడేస్తే లోపలి తూకం చెడుతుంది. ఎక్స్‌రేలో లోహపు గిన్నె, దాని కింద వైర్లు, బోర్డు కనిపిస్తాయి కాబట్టి బ్యాగు విప్పమంటారు. తేమ కొలిచేదని చెబితే అర్థం కాదు, మూత తీసి గిన్నె చూపిస్తే వెంటనే వదిలేస్తారు. శాంపిల్ తీసే ఇత్తడి బరిసె మాత్రం కచ్చితంగా చెకిన్‌లోనే, దాని మొన చూస్తే ఎవరైనా భయపడతారు. ఇది మామూలు డబుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది. ఏ రేవు పక్కన చూసినా అవి దొరుకుతాయి. 9 వోల్టుల చదరపు బ్యాటరీ అడిగే మోడళ్లు ఈ ఒక్క కారణానికే వద్దంటాను.

అసలు చిక్కు క్వారంటైన్ దగ్గర, అంటే పురుగులూ తెగుళ్లూ దేశంలోకి రాకుండా చేసే తనిఖీ దగ్గర. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కార్డులో గింజలు, విత్తనాలు తెస్తున్నారా, గత 30 రోజుల్లో పొలాలకు వెళ్లారా అని అడుగుతారు. మన పనే అది కాబట్టి అవునని టిక్కు పెట్టి, బూట్లూ మీటరూ బయటికి తీసి చూపించాలి. ఈ మీటర్ గిన్నె అడుగున, చుట్టూ ఉన్న రబ్బరు వాచరు కింద సన్నటి సందు ఉంది. పొట్టు, నూక, ఒక్కోసారి అరగింజ అందులో దూరి కూర్చుంటాయి. తలకిందులు చేసి కొట్టినా రాలవు. నిలవ ధాన్యాన్ని తినేసే కప్రా పురుగు లాంటి వాటి భయంతో బతికే దేశంలో అధికారి టార్చిలైటు వేసి ఆ సందులోకి చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. విమానం ఎక్కే ముందు పళ్లు తోమే బ్రష్షుతో ఆ సందంతా గీకి, తుడిచి, ఫొటో తీసుకుంటాను. గిన్నె ఊడి వచ్చేలా చేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. గింజలు కొలిచే యంత్రం చేసినవాళ్లకు దుమ్ము సంగతి తట్టకపోవడం విచిత్రం.

చిన్నాచితకా ఫిర్యాదులు ఇంకొన్ని ఉన్నాయి. బ్యాటరీ మార్చగానే గింజ రకం పట్టికలో మొదటిదానికి వెళ్లిపోతుంది, చూసుకోకపోతే సోయాను బార్లీ లెక్కలో కొలుస్తారు. మధ్యాహ్నం ఎండలో డెక్కు మీద స్క్రీను కనపడదు. ఫోన్ యాప్ అని ఒకటి ఇచ్చారు, దాన్ని తీసేసి నోటుపుస్తకం వాడుతున్నాను. ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిచూడటానికి, కంపెనీకి పంపాలి. అమ్మేటప్పుడు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసినవాళ్లు, పంపిన మీటర్ ఎక్కడుందని అడిగితే మాత్రం ఫోన్ ఎత్తరు. ఉత్తరార్ధగోళంలో కోతలు మొదలయ్యే ముందు పంపారో, సీజనంతా ఉత్త చేతులతో తిరుగుతారు.

ఆఫీసులో కూర్చుని సర్టిఫికెట్లు చూసి కొనేవాళ్లకు ఇది దండగ. సరుకు తనిఖీ చేసిపెట్టే నమ్మకమైన సర్వేయర్ ప్రతి రేవులో ఉన్నవాళ్లకు కూడా అంత అవసరం లేదు. రేవు గేటు దగ్గర, సైలో కింద, బార్జు మీద స్వయంగా నిలబడేవాళ్లకైతే కావాలి. నేను మళ్లీ కొనాల్సి వస్తే తూకం లేని మోడల్ తీసుకుంటాను. గిన్నెను అంచుదాకా నింపి, మరమూత బిగిస్తే గింజలన్నీ ఒకే ఒత్తిడిలో సర్దుకునే రకం. హెక్టోలీటర్ బరువు పోతుంది, పోనీ. ఊగే డెక్కు మీద పనిచేస్తుంది, గిన్నె విప్పి కడుక్కోవచ్చు.