ఏపీ 39 మేలా, టీజీ జిల్లా కోడ్ మేలా?

కొత్త బండి తీసుకున్న ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు, నంబర్ ప్లేట్ మీద ఏపీలో లాగా రాష్ట్రం మొత్తానికి ఒకే కోడ్ (39) మంచిదా, తెలంగాణలో లాగా జిల్లాకొకటి మంచిదా అని. నా ఓటు జిల్లా కోడ్‌కే, ముందే చెప్పేస్తున్నా. అలాగని 39ని తీసిపారెయ్యడానికి లేదు.

2019కి ముందు ఏపీ 16 అంటే కృష్ణా, 07 గుంటూరు, 31 వైజాగ్, 26 నెల్లూరు, బడికెళ్ళే పిల్లలు కూడా చెప్పేసేవాళ్ళు. తర్వాత అందరికీ 39 పెట్టేశారు. దాంతో కలిసొచ్చింది ఏంటంటే 2022లో 13 జిల్లాలు 26 అయినప్పుడు బాపట్లకి ఏం కోడ్, పార్వతీపురానికి ఏం కోడ్ అనే గోలే లేదు. తెలంగాణలో 2016 దసరాకి 10 జిల్లాలు కాస్తా 31 అయ్యేసరికి కోడ్‌లు పెంచుకుంటూ పోవాల్సొచ్చింది, గద్వాల 33, సిద్దిపేట 36, ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయండీ. పైగా 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది, పాత బళ్ళకి మార్చక్కర్లేదన్నారు కాబట్టి హైదరాబాద్‌లో ఒకే సిగ్నల్ దగ్గర ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ కనిపిస్తాయి, మూడూ ఖైరతాబాదే.

అయినా జిల్లా కోడే ఎందుకంటున్నానంటే, ఎవడో గుద్దేసి ఆగకుండా పోయాడనుకోండి, చూసినవాళ్ళకి నంబర్ మొత్తం గుర్తుండదు, ముందు కోడ్, చివరి నాలుగంకెలు గుర్తుంటాయి, మధ్యలో అక్షరాలు ఏబీయా బీఏయా అని జారిపోతాయి. టీజీ 04, చివర 4527 అని చెప్పగలిగితే చాలు, ఖమ్మం రిజిస్ట్రేషన్ అని తేలిపోద్ది, వెతకాల్సిన లిస్టు చిన్నదైపోద్ది. అదే ఏపీ 39, చివర 4527 అంటే ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఎవరిదైనా కావొచ్చు. భారమంతా ఆ మధ్య రెండక్షరాల మీదే పడింది, మనం మర్చిపోయేవీ అవే. కెమెరాలున్నాయిగా అంటారు, హైవే మీద ఉన్నాయి, మా ఊరి డొంక రోడ్డు మీద ఎక్కడున్నాయి?

ఇంకో లెక్క కూడా ఉంది. 26 అక్షరాలూ వాడినా రెండక్షరాల సిరీస్‌లు 676, ఒక్కోదాంట్లో 9999, మొత్తం 67 లక్షల చిల్లర. అందులో టీ, యూ, వీ లాంటివి లారీలు, ఆటోలకే పోతాయి. రాష్ట్రం మొత్తానికి ఒక్క కోడ్ ఎన్నాళ్ళొస్తది?

ప్లేట్ డిజైన్‌లో పోల్చడానికేం లేదు, 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి అన్నిచోట్లా అదే హై సెక్యూరిటీ ప్లేట్, అదే అశోకచక్రం హోలోగ్రామ్. సొంత బండికి తెలుపు, ట్యాక్సీకి పసుపు, కరెంటు బండికి ఆకుపచ్చ.

బీహెచ్ సిరీస్, అంటే రాష్ట్రం మారినా మళ్ళీ రిజిస్ట్రేషన్ మార్చక్కర్లేని నంబర్, దాని గురించీ అడుగుతున్నారు. అది 2021లో వచ్చింది, గవర్నమెంట్ ఉద్యోగులకి, నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్ళకే. రెండేళ్ళకోసారి ట్యాక్స్ కట్టుకోవాలి. ట్రాన్స్‌ఫర్లు ఉన్నోళ్ళకి సరే, మిగతావాళ్ళకి అనవసరం.

ఫ్యాన్సీ నంబర్ పిచ్చి ఉన్నోళ్ళకి మాత్రం 39యే నయం. పోటీ రాష్ట్రమంతా ఉన్నా సిరీస్‌లు గబగబా అయిపోతాయి కాబట్టి ఈ 9999 పోతే ఇంకోటి తొందరగానే వస్తది, చిన్న జిల్లాలో అయితే దానికోసం కూర్చోవాల్సిందే.