మొనే గీసిన సూర్యోదయం పారిస్‌లో, ఆ రేవు లె హావ్ర్‌లో: రెండూ చూడాలంటే

పారిస్ వెళ్లే మనవాళ్లలో చాలామంది మోనాలిసాను గుంపులోంచి చూసి, ఈఫిల్ టవర్ ఎక్కి వచ్చేస్తారు. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లు ఒక పూట మార్మొతాన్ మొనే మ్యూజియానికి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మొనే 1872లో గీసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అక్కడే ఉంది. వీలైతే ఆ బొమ్మలోని ఊరు, ఫ్రాన్స్ ఉత్తర తీరపు రేవు నగరం లె హావ్ర్‌లో ఒక రాత్రి ఉండండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే చూడవలసిన సూర్యోదయమే దాటిపోతుంది.

మ్యూజియానికి మెట్రో 9వ లైన్‌లో లా మ్యుయెత్ స్టేషన్‌లో దిగి, పార్కులోంచి నడిచి వెళ్లవచ్చు. సోమవారం సెలవు. గురువారం రాత్రి 9 వరకు తెరిచి ఉంటుంది, నాకు నచ్చిన వేళ అదే. పారిస్ మ్యూజియం పాస్ ఇక్కడ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. ఈ చిత్రాన్ని అప్పుడప్పుడు వేరే ప్రదర్శనలకు పంపుతుంటారు. 2024లో కొన్ని నెలలు ఓర్సే మ్యూజియంలో ఉంది. కాబట్టి బయలుదేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.

బొమ్మ చిన్నది, ఎత్తు 48, వెడల్పు 63 సెంటీమీటర్లు. పొగమంచంతా పలుచని నీలి బూడిద రంగు. దాని వెనక ఓడల తెరచాప కొయ్యలు, క్రేన్లు, పొగగొట్టాలు సగం సగం కనిపిస్తాయి. ముందు చిన్న పడవలు. నారింజ రంగు సూర్యుడు, నీళ్ల మీద అదే రంగులో విడివిడిగా వేసిన కుంచె గీతలు. దగ్గరికి వెళ్తే ఒక్కొక్క గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఇక్కడ ఒక పని చేసి చూడండి. బొమ్మను ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. సూర్యుడు దాదాపు మాయమవుతాడు! సూర్యుడికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ వెలుగులో తేడా లేదు, ఉన్నదల్లా రంగులోనే. మన కంటికి ఆ సూర్యుడు మినుకుమంటున్నట్టు అనిపించడానికి కారణం అదేనని దృష్టిశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. ఇది తెలిశాక నేను ఆ గది వదిలి రాలేకపోయాను.

1874లో పారిస్‌లో దీన్ని ప్రదర్శించినప్పుడు లూయీ లెరోయ్ అనే విమర్శకుడు బొమ్మ పేరులోని ‘ఇంప్రెషన్’ అన్న మాట పట్టుకుని ఎగతాళి చేశాడు. మొనేకూ ఆయన తోటి చిత్రకారులకూ ఇంప్రెషనిస్టులన్న పేరు అలా స్థిరపడింది. ఆ ఏడాది 800 ఫ్రాంకులకు అమ్ముడైన బొమ్మ నాలుగేళ్ల తర్వాత వేలంలో 210 ఫ్రాంకులకే పోయింది. 1985లో దొంగలు ఈ మ్యూజియం నుంచే ఎత్తుకెళ్లగా 1990లో కోర్సికా దీవిలో దొరికింది.

లె హావ్ర్‌కు సెంట్ లజార్ స్టేషన్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. స్టేషన్ నుంచి బీచ్ దాకా ట్రామ్ నడుస్తుంది. మొనే చిన్నతనం గడిచిన ఊరు ఇప్పుడు లేదు. 1944 సెప్టెంబరు బాంబుదాడుల్లో నగరం నడిబొడ్డు నేలమట్టమైంది, ఆయన ఏ హోటల్ కిటికీలోంచి రేవును చూసి గీశాడో అదీ మిగల్లేదు. వాస్తుశిల్పి ఒగుస్త్ పెరే కాంక్రీటుతో కట్టించిన కొత్త నగరం 2005లో యునెస్కో జాబితాలో చేరింది. ఊరు బోసిగా ఉందని పెదవి విరిచేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. సెయింట్ జోసెఫ్ చర్చిలోకి మధ్యాహ్నం వెళ్లండి. 107 మీటర్ల గోపురం, 12,768 రంగుటద్దాలు, గచ్చు మీద నడిచే వెలుగు. దీనికి టికెట్ కూడా లేదు.

సూర్యోదయం చూడటానికి లె హావ్ర్‌లోనే ఉన్న సౌతాంప్టన్ రేవుగట్టుకు వెళ్లాలి. వేసవిలో సూర్యుడు ఈశాన్యాన, ఊరి వైపు పుడతాడు. బొమ్మలోలాగా ఆగ్నేయాన, రేవు మీదుగా కనిపించాలంటే చలికాలం రావాలి. నవంబరు నడుమ పొద్దుపొడుపు ఎనిమిది దాటాకే కాబట్టి తెల్లవారుజామున లేవక్కరలేదు, కానీ పారిస్ నుంచి తొలి రైలు పట్టుకున్నా అందదు. అందుకే రాత్రి బస అంటున్నాను. స్టేషన్ దగ్గర గదులు చవక, అయితే రేవు దూరం. నేను రేవు వైపు గదికి అదనంగా కట్టి దిగితే కిటికీ ఎదుట గోడ కనిపించింది. గట్టిగా అడిగితే పై అంతస్తులో మార్చారు. మీరూ బుక్ చేసేటప్పుడే గది ఏ దిక్కో రాతపూర్వకంగా తెలుసుకోండి.

శాకాహారులకు ఇబ్బంది కొంత తప్పదు. రేవు హోటళ్లలో చేపలు, ఆల్చిప్పలే ఎక్కువ. గోధుమకు బదులు బక్‌వీట్ పిండితో పోసే గాలెత్ అట్లు పుట్టగొడుగులతో, చీజ్‌తో దొరుకుతాయి. వాటిలో పందిమాంసం వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటగదులు ఏడింటి వరకు తెరవరు.

సముద్రపు ఒడ్డున ఉన్న మ్యుమా మ్యూజియాన్ని వదలకండి. కుర్రవాడైన మొనేను ఆరుబయట గీయమని ప్రోత్సహించిన యూజెన్ బూదాఁ చిత్రాలు అక్కడ గోడ నిండా ఉన్నాయి. మరో ఇంప్రెషనిస్టు పిసారో 1903లో గీసిన ఇదే రేవు కూడా ఉంది. దీనికీ సోమవారమే సెలవు, అందుకే ఆది, సోమవారాల్లో ఈ యాత్ర పెట్టుకోకూడదు. మిగిలిన పూటకు దగ్గర్లోని ఎత్రెతా సముద్రతీరపు కొండలా, ఓన్‌ఫ్లూర్ ఊరా అంటే నా ఓటు బూదాఁ పుట్టిన ఓన్‌ఫ్లూర్‌కే. బస్సు సెన్ నది మీది నార్మండీ వంతెన దాటుతుంది. అక్కడి బూదాఁ మ్యూజియానికి మాత్రం మంగళవారం సెలవు.