తెలుగు ఫైల్లో తెలుగు పేరు దొరుకుతోంది: మండలాఫీసులో లిబ్రెఆఫీస్, యూనికోడ్ వాడాక

వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకి వాడే లిబ్రెఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమని, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుందని, రోజువారీ ఆఫీసు పనులన్నీ చేస్తుందని అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కార్యాలయంలో కొన్నేళ్లుగా పొద్దున్నించి సాయంత్రం దాకా దీనిమీదే పనిచేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కంట్రోల్ ఎఫ్ నొక్కి తెలుగులో పేరు కొడితే ఆ పేరు దొరుకుతోంది.

దీనికింత సంబరమా అంటే, పాత డీటీపీ ఫాంట్లతో పనిచేసినవాళ్లని అడగండి. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే. ఫైల్లో ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని రాతలు. వాట్సాప్‌లోకి కాపీ చేసినా అదే గతి. ఏదైనా వెతకాలంటే కళ్లు పెట్టుకుని ఒక్కో వరుసా చూసుకుంటూ పోవాల్సిందే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టింది. ఆ నష్టం జాబితాలు మా దగ్గరున్నవన్నీ పాత ఫాంట్లో కొట్టినవే. తర్వాత కూడా చాలాకాలం రైతులు వచ్చి అడుగుతూనే ఉండేవారు. "ఏటి బావూ, నా పేరు ఉందా నేదా?" ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఊరి ఫైలు తెరిచి, పేజీలు తిప్పుతూ పోవాలి. పేర్లు అక్షరక్రమంలో ఉండవు, తోటలు చూసిన వరుసలో ఉంటాయి. మధ్యలో ఫోనొస్తే ఎక్కడిదాకా చూశామో మర్చిపోయి మళ్లీ మొదటికి. "రేపు రండి" అనడం తప్ప గత్యంతరం లేని రోజులు చాలా ఉన్నాయి. అలా తిరిగి పంపించిన ప్రతిసారీ మనసు పాడయ్యేది. వాళ్లు బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లు.

యూనికోడ్‌కి, అంటే తెలుగు అక్షరాన్ని ఫైల్లో కూడా తెలుగు అక్షరంగానే దాచే పద్ధతికి, మారాక ముందుగా మార్చింది ఆ జాబితాలనే. ఒక సోమవారం గ్రీవెన్స్ రోజున ఒక పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. చాలాసేపు పడుతుందని ఆయనకి అలవాటే, బెంచీ వైపు నడుస్తున్నాడు. "తాతా, ఇంటిపేరు చెప్పు" అని అడిగి కొట్టాను. ఆ ఇంటిపేరున్న వరుసలన్నీ ఒకేసారి వెలిగాయి. మూడోది ఆయనదే. ఆయన టేబుల్ మీదికి వంగి, చదవడం రాదు కాబట్టి, "మా అయ్య పేరు ఏటని ఉంది?" అని అడిగాడు. చదివి వినిపించాను. ఊరు, తండ్రి పేరు, చెట్ల లెక్క అన్నీ సరిపోయాయి. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసిస్తే నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఈ ఉద్యోగంలో నాకంత తృప్తినిచ్చిన రోజులు తక్కువ.

ప్రతిసారీ ఇంత సులువని మాత్రం అనను. మన జిల్లాల్లో మనుషుల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. జాబితాలో సిమ్మాచలం, ఆధార్‌లో సింహాచలం. ఒకచోట అప్పలనర్సమ్మ, ఇంకోచోట అప్పలనరసమ్మ. మామూలుగా వెతికితే రెండోది దొరకదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో సిమిలారిటీ సెర్చ్ అని ఒకటుంది, అది టిక్ పెడితే అక్షరం అటూ ఇటూ అయినా పట్టుకుంటుంది. కాకపోతే సంబంధంలేని పేర్లు కూడా వస్తాయి, తండ్రి పేరుతో సరిచూసుకోవాలి. పాత ఫైళ్లు కన్వర్టర్‌తో మార్చినప్పుడు కొన్ని ఒత్తులు తప్పుతాయి. పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఓపిగ్గా దిద్దాల్సిందే.

ఒకసారి గట్టి టెన్షన్ కూడా పెట్టింది. పై ఆఫీసుకి పంపిన నివేదికలో పట్టికలు చెదిరిపోయాయి, సంతకం చోటు ఒంటరిగా తర్వాతి పేజీలోకి పోయింది. మేం వాడిన ఫాంట్ వాళ్ల దగ్గర లేకపోవడమే కారణం. అక్షరాలు తెలుగులోనే ఉన్నాయి కాబట్టి విషయం చదవగలిగారు, అంతవరకు నయం. ఇప్పుడు పైకి పంపేవన్నీ హైబ్రిడ్ పీడీఎఫ్‌గా పంపుతున్నాను. ఎవరు తెరిచినా ఒకేలా కనిపిస్తుంది, లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోవచ్చు కూడా.

ఫాంట్ల కొరత లేదు. ఉత్తరాలకి మండలి, నోటీసుబోర్డు శీర్షికలకి గిడుగు వాడుతున్నాం. రెండూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారిది మన జిల్లాలోని పర్వతాలపేట. ఆయన పేరున్న అక్షరాల్లో మామూలు మనిషికి అర్థమయ్యే నోటీసు అంటించడం నాకు గర్వంగానే ఉంటుంది.

తెలుగు అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. లిబ్రెఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకుని, మార్చుకోగలిగే) సాఫ్ట్‌వేర్‌ని ముందుగా పరిశీలించాలని కేంద్రం 2015లో తన విధానంలో చెప్పింది. కాగితం మీద లోటేమీ లేదు. కొరతంతా పక్కన కూర్చుని నేర్పే మనిషిదే. మా సీనియర్ టైపిస్టుగారి వేళ్లకి పాత కీబోర్డు అమరిక అలవాటు. ఇన్‌స్క్రిప్ట్ అనే యూనికోడ్ కీబోర్డు అమరికకి మారాక మొదట్లో ఆయన వేగం సగానికి పడిపోయింది. ఆ రోజుల్లో పని ఆలస్యమైనా మా ఆఫీసరుగారు కోప్పడలేదు కాబట్టి మేం నిలబడ్డాం. అన్నిచోట్లా అంత ఓపిక దొరుకుతుందని చెప్పలేను.

మా పనంతా ఉత్తరాలు, నోటీసులు, జాబితాలు. వాటికైతే కళ్లు మూసుకుని ఇదే వాడమంటాను. పైనుంచి మాక్రోలు (పనిని దానంతటదే చేసే ఆదేశాలు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లు ఎక్కువగా వచ్చే సెక్షన్లకి ఆ మాట అనలేను. మేమూ వాటికోసం ఒక కంప్యూటర్‌ని పాత పద్ధతిలోనే ఉంచాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పేర్ల జాబితాలు మార్చుకోండి. ఉత్తరాల ఫైళ్లు తర్వాతైనా చూసుకోవచ్చు.