నాలుగే ట్యూబులతో వాటర్ కలర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇరవై నాలుగు రంగుల డబ్బా పక్కన పెట్టేసి చాలాకాలంగా నాలుగు ట్యూబులతోనే బొమ్మలు వేస్తున్నాను. హన్సా ఎల్లో లైట్ (పసుపు), క్వినాక్రిడోన్ రోజ్ (గులాబీ), అల్ట్రామెరీన్ (నీలం), బర్ంట్ సియెనా (గోధుమ). అన్నీ ఆర్టిస్ట్ గ్రేడే, అంటే చిత్రకారుల కోసం చేసే మేలురకం. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ, కొంచెం పిండితే చాలాసేపు వస్తుంది.

కొనేటప్పుడు ముందువైపు పేరు కాదు, వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్ చూడండి, లోపల ఏ రంగు పొడి వాడారో అదే చెబుతుంది. పసుపుకు పీవై 3, రోజ్‌కు పీవీ 19, నీలానికి పీబీ 29. బర్ంట్ సియెనా దగ్గరే తికమక. కొన్ని కంపెనీలు పీబీఆర్ 7తో చేస్తాయి, కొన్ని పీఆర్ 101తో. నాకు రెండోదే నచ్చింది, కాస్త నారింజ ఛాయ ఉంటుంది. ఒక ట్యూబులో మూడు నాలుగు కోడ్‌లు కనిపిస్తే వదిలేయండి. అలాంటివి ఇంకో రంగుతో కలిపితే బురదే.

ఈ నాలుగింటిలో అసలు జోడీ అల్ట్రామెరీన్, బర్ంట్ సియెనా. నీలం పాలు పెంచితే వాన మబ్బు, గోధుమ పాలు పెంచితే బండరాయి, నీళ్లు తగ్గించి చిక్కగా కలిపితే దాదాపు నలుపు. నల్ల ట్యూబు నేను మళ్లీ కొనలేదు. గరుకు కాగితం మీద పల్చగా పూసి కదపకుండా వదిలేస్తే నీలం రేణువులు గుంటల్లోకి దిగి, పైన గోధుమ ఛాయ మిగులుతుంది. రాతిగోడ వేయడానికి ఇంతకంటే సుఖమైన పద్ధతి నాకు తెలియదు.

రోజ్‌లో పసుపు కలిపితే పండుమిర్చి ఎరుపు దాకా వస్తుంది. అదే రోజ్‌లో నీలం కలిపితే మంచి వంకాయ రంగు. రోజ్ బదులు అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు పేరుతో పీఆర్ 83 అంటగడితే మాత్రం వద్దనండి, వెలుతురు తగిలే గోడకు పెడితే వెలిసిపోతుంది.

లోటల్లా ఆకుపచ్చ దగ్గరే. అల్ట్రామెరీన్‌లో కొద్దిగా ఎరుపు ఛాయ ఉంటుంది కదా, అందుకని పసుపుతో కలిస్తే ముదురు మామిడాకు రంగు వస్తుంది తప్ప నారుమడి పచ్చ రాదు. ఎంత పసుపు పోసినా అంతే. పొలాలు ఎక్కువగా వేసేవాళ్లు ఐదోదిగా థాలో బ్లూ, పీబీ 15:3, చిన్న ట్యూబు తీసుకోండి. బ్రష్ మొనకు అంటినంత చాలు, ఎక్కువైతే పసుపును మొత్తం మింగేస్తుంది.