కొలనోస్కోపీయా, పేగు స్కానింగా? ఏది మేలు?

ఓపీలో ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. "సార్, మళ్లీ కొలనోస్కోపీయేనా? రెండు లీటర్ల ఆ మందు నీళ్లు తాగలేను. కడుపు స్కానింగ్‌లో తెలిసిపోదా?" అడిగేవాళ్లకు క్రోన్స్ ఉందో, అల్సరేటివ్ కొలైటిస్ ఉందో ఇదివరకే తెలుసు; రెండూ పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బులే. కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును లోపలి నుంచి చూడటం; నేను పేగు స్కానింగ్ అనేది పొట్ట మీది నుంచి చేసే అల్ట్రాసౌండ్‌ను. కాబట్టి నేరుగా విషయానికే వస్తాను.

జబ్బు ఏమిటో మొదటిసారి తేల్చడానికి కొలనోస్కోపీ తప్పదు. మన దేశంలో మరీ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పేగు టీబీ, క్రోన్స్ ఒకేలా కనిపిస్తాయి. ముక్క తీసి పరీక్షకు పంపకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే, తీరా అది టీబీ అయితే, ప్రాణం మీదికి వస్తుంది. కొలైటిస్ మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లలో క్యాన్సర్ జాడ వెతకడానికీ అదే దిక్కు. ఈ రెండు సందర్భాల్లో స్కానింగ్ చాలు అంటే నేను ఒప్పుకోను.

మరి మందు మొదలుపెట్టాక? అప్పుడు రోగికైనా నాకైనా కావలసింది ఒక్కటే: ఈ మందు పనిచేస్తోందా, లేదా? వేలకు వేలు పోసి ఇంజెక్షన్లు వేయించుకునే మనిషి జవాబు కోసం ఏడాది ఆగలేడు. అలాగని రెండు నెలలకోసారి కొలనోస్కోపీ ఎవరు చేయించుకుంటారు? పేగు స్కానింగ్‌కు విరేచనాల మందు అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, పావుగంట చాలు. ఎన్నిసార్లయినా చేయొచ్చు. నా మటుకు తూకం మొగ్గేది ఇక్కడే. 2020లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో, కొలైటిస్ రోగులకు చికిత్స మొదలైన రెండు వారాలకే పేగు గోడ పలచబడటం స్కానింగ్‌లో కనిపించింది.

ఇంకో సంగతి. కొలనోస్కోపీ చూసేది లోపలి పొరను మాత్రమే. క్రోన్స్ గోడ మందమంతా పాకుతుంది, బయటి కొవ్వునూ పట్టుకుంటుంది.

ఒక డిగ్రీ విద్యార్థినిని చూసినప్పటి మాట చెబుతాను. పొట్ట కింద కుడివైపు ప్రోబ్ పెట్టి మెల్లగా నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న పేగు నొక్కగానే అణుగుతుంది, అటూ ఇటూ కదులుతుంది. ఇది గొట్టంలా బిగుసుకుని ఉండిపోయింది. గోడ 6 మిల్లీమీటర్లు. 3 దాటితేనే తేడా ఉన్నట్టు. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ వేస్తే గోడ నిండా ఎర్రటి, నీలం చుక్కలు, అంటే రక్తం ఉరకలు వేస్తోందన్నమాట. ఆ అమ్మాయి తల తిప్పి తెర వైపు చూసి, "నొప్పి అక్కడేనా సార్?" అంది. మూడు నెలల మందు తర్వాత అదే చోట 3.5కి దిగింది, చుక్కలు దాదాపు మాయమయ్యాయి. ఇంజెక్షన్లు మానేస్తానని వచ్చిన పిల్ల, ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన చూశాక మారు మాట్లాడలేదు.

అయితే మామూలు అబ్డామెన్ స్కాన్‌ను దీనితో కలపకండి. "గ్యాస్ వల్ల పేగులు సరిగా కనిపించలేదు" అని రాసిచ్చే రిపోర్టుతో ఒరిగేదేమీ లేదు. పేగు గోడ పొరలు విడివిడిగా కనిపించాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ కావాలి, పేగు చూడటంలో చేయి తిరిగినవాళ్లు కావాలి. జబ్బు మలద్వారం దగ్గరి భాగానికే పరిమితమైతే పొట్ట మీది నుంచి సరిగా అందదు. వాళ్లకు పెద్దపేగు చివరి భాగం వరకే కెమెరాతో చూసే చిన్న సిగ్మాయిడోస్కోపీయే నయం. బాగా లావుగా ఉన్నవాళ్లలోనూ కష్టమే.

ఎంఆర్‌ఐ సంగతి: చిన్నపేగులో జబ్బు ఎంత మేర ఉందో చెప్పడంలో అది ఒక మెట్టు పైనే. 2018 నాటి బ్రిటన్ మెట్రిక్ అధ్యయనంలో ఎంఆర్‌ఐ 80 శాతం మందిలో సరిగా పట్టుకుంటే, స్కానింగ్ 70 శాతం. ఏడాదికోసారైతే సరే, మాటిమాటికీ ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? సీటీ అత్యవసరానికి. మలంలో పేగు వాపును పట్టించే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష స్కానింగ్‌కు మంచి తోడు, కానీ వాపు ఎక్కడుందో చెప్పదు.

స్కానింగ్‌కు వెళ్లేముందు ఒక్కటి అడగండి: ఏ భాగంలో గోడ ఎన్ని మిల్లీమీటర్లుందో రిపోర్టులో రాస్తారా అని. ఆ అంకె లేకపోతే, వచ్చేసారి తీసే స్కాన్‌ను దేనితో పోల్చి చూడాలి?