దేవుడున్నాడనడానికి ఏ వాదన గట్టిది? ఆన్సెల్మ్‌దా, పేలీదా, అక్వినాస్‌దా?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక యూత్‌లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, బైబిల్ ఎత్తకుండా దేవుడున్నాడని చెప్పగలవా" అని. కాలేజీలో ఫ్రెండ్స్ వాక్యం చూపిస్తే వినరు కదా, వాడి బాధ నాకర్థమైంది.

ఆన్సెల్మ్ అనే క్రైస్తవ సన్యాసి ఏమంటాడంటే, దేవుడంటే అంతకుమించి గొప్పది ఊహించడానికే వీల్లేనివాడు, అలాంటివాడు మన తలకాయలో మాత్రమే ఉంటే బయట నిజంగా ఉన్నవాడు ఇంకా గొప్పవాడైపోతాడు, కాబట్టి నిజంగానే ఉండాలి. 11వ శతాబ్దపు మాట ఇది. గౌనిలో అనే ఇంకో సన్యాసి అప్పుడే అడ్డం పడ్డాడు, అన్నిటికన్నా గొప్ప దీవిని ఊహించుకుంటే అది సముద్రంలో ఉన్నట్టేనా అని. ఆన్సెల్మ్ జవాబిచ్చాడు గానీ, ఫ్రెండ్‌కి చెప్తే మాటలతో గారడీ చేస్తున్నావంటాడు.

ఇంగ్లండ్ పాదిరి పేలీది (1802) చాలా ఈజీ, దారిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడు ఉన్నాడనే అనుకుంటాం, మరి కన్ను సంగతేంటి అని. కానీ జీవులు పరిణామంతో మెల్లమెల్లగా మారుతూ వచ్చాయన్న డార్విన్ పుస్తకం 1859లో వచ్చాక కన్ను ఉదాహరణ నిలబడటం కష్టం, బయాలజీ చదివేవాడి ముందు ఇది తీయొద్దు.

నా ఓటు 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్‌కే. ఈయన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, ఎప్పుడో మొదట్లో దేవుడు ఒక తోపు తోశాడు అన్నట్టు. అసలు లోకానికి మొదలుందని తర్కంతో రుజువు చెయ్యలేం, అది విశ్వాసంతో ఒప్పుకునేదే అని ఆయనే రాశాడు. ఆయన మాట్లాడేది ఇప్పుడు, ఈ క్షణంలో ఒకదాని మీద ఇంకొకటి ఎలా ఆధారపడి ఉందన్న దాని గురించి. కర్ర రాయిని కదిపితే ఆ కర్రని చెయ్యి కదుపుతోంది, చెయ్యి ఆగితే కర్ర కూడా ఆగుతుంది. మా చర్చిలో గొలుసుకి వేలాడే లైటు చూపించా వాడికి, ఒక్కో లింకు పై లింకుని పట్టుకునే ఉంది, ఎన్ని వేల లింకులు కలిపినా పైన కొక్కెం లేకపోతే లైటు కిందే కదా అన్నా.

"మరి కొక్కేన్ని ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు వెంటనే. స్లాబ్, దాన్ని పిల్లర్లు, వాటిని నేల, అలా వెళ్తూ ఎక్కడో దేనిమీదా ఆనకుండా నిలబడేది ఒకటి ఉండాలి, అక్వినాస్ వెతికింది దాన్నే. అయితే ఆ ఒక్కటి మన కోసం సిలువెక్కిందని మాత్రం ఈ వాదన చెప్పదు, ఆ మాట కూడా వాడికి దాచకుండా చెప్పా.

ఇంకొకరితో మాట్లాడాలంటే అక్వినాసే. కానీ ఆన్సెల్మ్ తన వాదన మొత్తం దేవుడితో మాట్లాడుతూ, ప్రార్థనలాగే రాశాడు, అందుకే రాత్రి ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు నేను తీసేది ఆయన్నే.