పెళ్లి ఫోటోగ్రాఫర్‌తో ఒకసారి చేతులు కాల్చుకున్నాక ఈ కార్పొరేట్ ఈవెంట్ ఫోటో టీమ్‌ని పిలిచాం (5కి 4 స్టార్లు)

మాది చర్లపల్లి సైడ్ చిన్న చిన్న యూనిట్లు నడుపుకునేవాళ్ళ గ్రూప్, ఒక 140 మంది ఉంటాం, రబ్బర్ పార్ట్స్, షీట్ మెటల్, ప్యాకింగ్, లేబుల్స్ ఇలాంటి పనులు. ఏడాదికోసారి హోటల్లో బాంక్వెట్ హాల్ తీసుకుని మీట్ పెట్టుకుంటాం, పొద్దున రెండు మూడు స్పీచ్‌లు, మధ్యాహ్నం లంచ్, ఆ తర్వాత కార్డులు పంచుకుంటూ కబుర్లు. ఫోటోల పని రెండేళ్ళ నుంచి నా నెత్తిన పడింది, ఎందుకంటే ఒకప్పుడు నా దగ్గర డీఎస్ఎల్ఆర్ ఉండేది, నేను చేసిన పాపం అదొక్కటే.

పోయినేడాది మా బావమరిది పెళ్లికి తీసినతన్నే పిలిచాం, 12 వేలు. మనిషి మంచోడు, పెళ్లి ఫోటోలు బ్రహ్మాండంగా తీస్తాడు, కానీ మీట్‌ని కూడా పెళ్లిలాగే తీసాడు. శాలువా కప్పుతుంటే నాలుగు, బొకే ఇస్తుంటే నాలుగు, జ్యోతి వెలిగిస్తుంటే పదకొండు, మిగతా టైమంతా బఫే దగ్గర నోట్లో బిర్యానీ పెట్టుకుంటున్న మా మెంబర్లు. పైగా ఆ హాల్ సీలింగ్ ముదురు చెక్క పని, ఇతను ఫ్లాష్ పైకి తిప్పి కొట్టాడు, ఆ వెలుగు చెక్క రంగు పూసుకుని కిందకి దిగి అందరికీ నలుగు పెట్టినట్టు మొహాలు పచ్చగా వచ్చాయి. స్పాన్సర్ స్టాండీ ఒక్క ఫోటోలో కూడా పూర్తిగా పడలేదు. ఆయన ఫోన్ చేసి "అసలు మా బోర్డు పెట్టారా సార్" అంటే ఏం చెప్పాలో తెలీలేదు నాకు.

అందుకే ఈసారి కార్పొరేట్ ఈవెంట్లే చేసే టీమ్‌ని వెతికి పట్టుకున్నా. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, 6 గంటలు, హెడ్‌షాట్ కార్నర్‌తో (ఒక్కొక్కరికీ విడిగా మొహం ఫోటో తీసే మూల) కలిపి 28 వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 33,040. మా కమిటీలో పెద్దాయన ఒకాయన "ఫోన్‌లో తీసుకుంటే పోలా, ఐఫోన్ ఉందిగా అందరికీ" అని రెండు రోజులు గొణిగాడు. ఆయన ఫోటోనే ఇప్పుడు ఆయన ఆఫీసు రిసెప్షన్లో ఫ్రేమ్ కట్టి ఉంది, అది వేరే సంగతి.

వీళ్ళలో నాకు మొదట నచ్చింది ఏంటంటే, బుక్ చేసిన మర్నాడే ఫోన్ చేసి లిస్ట్ అడిగారు. స్పాన్సర్లు ఎంతమంది, లోగోలు ఎక్కడ పెడుతున్నారు, కొత్తగా చేరినవాళ్ళు ఎవరు, ఎవరెవరు కలిసి ఉన్న ఫోటో తప్పకుండా కావాలి, అన్నీ. ముందురోజు సాయంత్రం వచ్చి హాల్ చూసుకెళ్ళారు. ఈసారి సీలింగ్ తెల్లగానే ఉంది కానీ బాగా ఎత్తు, ఫ్లాష్ పైకి కొడితే కిందకి చేరదని చెప్పి రెండు మూలల్లో స్టాండ్ల మీద లైట్లు పెట్టారు.

ఉదయం ఫస్ట్ టాక్‌లో మాత్రం చిన్న తేడా కొట్టింది. స్పీకర్‌కి డిస్టర్బ్ కాకూడదని కెమెరా సైలెంట్ మోడ్‌లో పెట్టి తీస్తున్నాడు అబ్బాయి, హాల్ ఎల్ఈడీ లైట్ల వల్ల ఫోటోల మీద అడ్డంగా నల్ల చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి, మన కంటికి తెలీదు, సైలెంట్ షట్టర్ పైనుంచి కిందకి వరసగా చదువుతుంది కాబట్టి దానికి దొరికిపోతుంది, ఇదంతా టీ బ్రేక్‌లో అతనే చెప్పాడు. పదినిమిషాల్లో తనే చూసుకుని మామూలు షట్టర్‌కి మార్చి, షట్టర్ స్పీడ్ సెకనులో 100వ వంతుకి దించాడు, ఆ తర్వాత టక్ టక్ సౌండ్ వచ్చింది కానీ చారలు పోయాయి. ఫస్ట్ స్పీకర్‌వి మాత్రం మంచివి మూడే మిగిలాయి. ఒక స్టార్ తగ్గడానికి సగం కారణం ఇది, లైట్లన్నీ ముందురోజు చూసుకెళ్ళినోళ్ళు ఇది కూడా చూసుకోవాల్సింది.

ఇక అసలు విషయం. రెండో ఫోటోగ్రాఫర్ అమ్మాయి స్టేజి వైపు రానేలేదు. దూరం నుంచి తీసే లాంగ్ లెన్స్ ఒకటి పట్టుకుని గోడ పక్కన, స్తంభం వెనక తిరుగుతూనే ఉంది, నాకైతే మొదట కోపం వచ్చింది డబ్బులిచ్చి పిలిస్తే ఈమెక్కడుందిరా అని. ఫోటోలు వచ్చాక తెలిసింది. మా గ్రూప్‌లో గాస్కెట్లు చేసే ఆయన, పంపులు చేసే ఇంకొకాయన, ఇద్దరూ హైటేబుల్ దగ్గర నిలబడి ఉన్నారు, ఈయన టిష్యూ పేపర్ మీద పెన్నుతో ఏదో డ్రాయింగ్ గీస్తున్నాడు, టిష్యూ చిరుగుతోంది, ఆయన టీ కప్పు పక్కకి వాలి సాసర్లోకి ఒలుకుతోంది, ఇద్దరిలో ఒక్కడూ చూడట్లేదు. వెనకాల మసకగా స్పాన్సర్ స్టాండీ, లోగో మాత్రం చదవొచ్చు. నెట్‌వర్కింగ్ నెట్‌వర్కింగ్ అని మనం బ్రోచర్లో రాసుకుంటామే, అది నేను ఫోటోలో చూడటం ఇదే ఫస్ట్ టైమ్. చేతులు కలిపి కెమెరా వైపు పళ్ళు చూపించే ఫోటోలు మా దగ్గర పదేళ్ళవి ఉన్నాయి, వాటితో ఏ కొత్త మెంబర్ చేరలేదు.

హెడ్‌షాట్ కార్నర్ ఐడియా సూపర్, గ్రే బ్యాక్‌డ్రాప్, ఒక సాఫ్ట్‌బాక్స్, మనిషికి రెండు నిమిషాలు, లింక్డ్ఇన్‌లో ఇంకా పాస్‌పోర్ట్ ఫోటో పెట్టుకున్నవాళ్ళందరూ ఎగబడ్డారు. కానీ దాన్ని లంచ్ పక్కనే పెట్టారు, రెండు క్యూలు కలిసిపోయి ప్లేట్ పట్టుకుని ఫోటోకి నిలబడినవాళ్ళు కొందరు, ఫోటోకనుకుని నిలబడి పన్నీర్ దాకా వెళ్ళినవాళ్ళు కొందరు. ఇంకోటి, టచప్ మరీ ఎక్కువ. నా నుదుటి మీద చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ కుట్ల మచ్చ ఉంటుంది, అది కూడా తుడిచేసారు. మా అమ్మకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి "బానే ఉన్నాడు, ఎవర్రా ఈ అబ్బాయి" అంది. ఫోన్ చేసి చెప్తే మర్నాటికి మచ్చతో సహా పంపారు, ఎక్స్‌ట్రా అడగలేదు.

డెలివరీ విషయానికొస్తే, అదే రోజు రాత్రి 9 లోపు 25 ఫోటోలు ఇస్తామన్నారు, ఇచ్చారు, గ్రూప్‌లో వేడివేడిగా పెట్టేసాం. మిగతావి 5 రోజులన్నారు, 9 రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. మొత్తం 412 వచ్చాయి, డ్రైవ్ లింక్‌లో స్పాన్సర్లవి వేరే ఫోల్డర్, స్పీచ్‌లు వేరే, హెడ్‌షాట్స్ పేర్లతో వేరే. మావాళ్ళు ఎలాగూ వాట్సాప్‌లో లాగి ఫ్లెక్స్ వేయించి "మసక వచ్చింది" అని నన్నే తిడుతున్నారు, బాబూ డాక్యుమెంట్‌గా పంపుకోండి అంటే వినేదెవరు.

బుక్ చేసేవాళ్ళు కొటేషన్ కింద చిన్న అక్షరాలు చదువుకోండి. తీసిన ఫోటోల మీద హక్కులన్నీ వాళ్ళవే అని ఒక లైన్ ఉంది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి ఓనర్ తీయించుకున్నవాళ్ళే, కానీ ఆ లైన్ మీద సంతకం పెడితే అదే ఒప్పందం అయిపోతుంది. నేను అడిగితే గొడవ లేకుండా ఆ లైన్ కొట్టేసారు, వాళ్ళ ఇన్‌స్టాలో పెట్టాలంటే మమ్మల్ని అడిగి పెడతామన్నారు, ఇప్పటిదాకా రెండు అడిగారు, రెండూ ఇచ్చాం.

వచ్చే మీట్‌కి అడ్వాన్స్ కట్టేసాను. హెడ్‌షాట్ టేబుల్ బిర్యానీకి కనీసం యాభై అడుగుల దూరంలో పెట్టాలని మెసేజ్‌లో రాసి, వాళ్ళు ఓకే అన్నాకే పంపించా.